నాటకశాల వెనక ఇల్లు

చలి ముదరకముందే, రంగురాళ్ళతో బొమ్మలు పొదిగిన మొజాయిక్ నేలను ఇసుకతో కప్పెయ్యాలి. లేకపోతే సందుల్లోకి నీరు దిగి, గడ్డకట్టి, ఉబ్బి, రెండువేల ఏళ్ళనాటి చేపలూ ద్రాక్షగుత్తులూ రాయి రాయిగా ఊడొచ్చేస్తాయి. ఈ సంగతి హుస్నుకు ఎవరూ నేర్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఏడు కప్పడం ఆలస్యమై, ఒక చేప తోక మొత్తం అరచేతిలోకి వచ్చింది. అప్పట్నుంచీ ఏటా నవంబరు రాగానే జల్లెడ దులిపి గోడకు ఆనించేవాడు. ఈసారిది ఆఖరు. నెలాఖరుకు ఈ శిథిలాల దగ్గర అతని కాపలా ఉద్యోగం అయిపోతుంది.

ఆ గురువారం పొద్దున మోకాళ్ళ మీద కూర్చుని మెత్తటి కుంచెతో నేలంతా ఊడ్చాడు. పైన్ చెట్ల నుంచి రాలిన సూదుల్లాంటి ఆకులను ఒక్కొక్కటే ఏరాడు. చెంబుతో నీళ్ళు చిలకరించాడు. పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగులో కనిపించే రాళ్ళు తడి తగలగానే ఎర్రగా, నీలంగా తేలాయి. మళ్ళీ చూడబోవడం లేదు కాబట్టి కాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఇసుక పోసేముందు గుడ్డ పరుద్దామని లేచేసరికి గేటు దగ్గర బస్సు ఆగింది.

ఇజ్మీర్ నుంచి వచ్చిన పెన్షనర్ల బస్సు అది. ముప్పై మంది దిగారు. గైడు పిల్ల గొడుగు పైకెత్తి నాటకశాల వైపు నడిచింది. వాళ్ళంతా ఆమె వెనకాల రాతిమెట్లు ఎక్కి, ఫొటోలు దిగి, కింద ఎవరైనా గుసగుసగా మాట్లాడితే పైవరకూ వినిపిస్తుందట అని ఒకరికొకరు చెప్పుకుని, నిజంగానే గుసగుసలాడుకున్నారు. ఒక్కామె మాత్రం మెట్లెక్కలేదు. గోడ పక్కనుంచి వెనక్కి వెళ్ళి, ఎండిన ముళ్ళపొదల మధ్య ఆగి, అడుగులు కొలవడం మొదలుపెట్టింది.

హుస్ను ఈల వేశాడు. ఆమె వినిపించుకోలేదు. చేతికి అంటిన దుమ్ము ప్యాంటుకు తుడుచుకుంటూ అటు వెళ్ళాడు.

“అమ్మా, తాడు దాటకూడదు. అక్కడ పాములుంటాయి.”

“ఉంటాయి. మా గొడ్ల కొట్టంలోనూ ఉండేవి,” అందామె వెనక్కి తిరగకుండానే. “పొయ్యి ఇక్కడుండాలి. దానిమ్మ చెట్టు అదిగో అక్కడ. మరి గుమ్మం ఎటుపోయింది?”

“ఇక్కడ ఇళ్ళేమీ లేవమ్మా. తవ్వకాల కోసం ఊరంతా ఎప్పుడో తీసేశారు.”

“తీసేశారని నాకు తెలీదా? తీసింది మా ఇల్లే కదా. టికెట్టు కొనుక్కుని మరీ మా ఇంట్లోకి వచ్చాను. అయిదు నిమిషాలు నిలబడనివ్వండి.”

“నిలబడండి. కానీ తాడుకు ఇవతల నిలబడండి. పైనుంచి అధికారి చూశాడంటే నా ప్రాణం తీస్తాడు.”

ఆమె గడ్డం పైకెత్తి, నాలుకతో ‘ట్చ్’ అంది. రానని అర్థం. ఆ ప్రాంతంలో కాదు అనడానికి అందరూ చేసేదే. కానీ గడ్డంతో పాటు ఎడమ భుజం కూడా ఎత్తే మనిషిని హుస్ను తన జీవితంలో ఒక్కర్నే చూశాడు. అతని కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఆమె ఇటు తిరిగింది. బూడిదరంగు కోటు, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు. మొదట అతని యూనిఫారం చూసింది, తర్వాత మొహం.

“నువ్వు కుంటి ఖాదిర్ గారి హుస్నువి కదూ? మీసాలు తెల్లబడ్డాయి గానీ చెవులు మాత్రం అవే!”

“మెదిహా,” అన్నాడతను.

“అమ్మయ్య, గుర్తుపట్టావు. మీ డాబా మీదనుంచి చూస్తే మా వాకిలంతా కనబడేది గుర్తుందా? మీ అమ్మ మిరపకాయలు ఎండబెట్టుకుంటూ మా అమ్మతో పోట్లాడేది. చెప్పు, గుమ్మం ఎక్కడ?”

అతను ఎడమకాలి బూటు కొనతో ముళ్ళపొద పక్కకు తొలగించాడు. మట్టిలో సగం కూరుకుపోయిన పాలరాతి పలక. ఏ కాలంలోనో ఏ గుడి మీదో ఉన్న పలక. మీద గ్రీకు అక్షరాలు. మెదిహా వాళ్ళ తాత దాన్ని తెచ్చి గుమ్మంగా వేసుకున్నాడు. మధ్యలో నడిచి నడిచి అరిగిన గుంట ఇంకా ఉంది. మెదిహా చెప్పు విప్పి, మేజోడుతోనే ఆ గుంటలో పాదం పెట్టింది.

“మా నాన్న పాదం గుంట ఇది,” అంది. “నాన్న పోయి ముప్పై ఏళ్ళు దాటింది. అమ్మా లేదు. ఇప్పుడు రెమ్జీ అన్న కూడా పోయాడు. రెండు నెలలైంది. నీకు తెలిసే ఉంటుంది.”

“తెలిసింది. రాలేకపోయాను,” అన్నాడు హుస్ను. అధికారి సెలవివ్వలేదని చెప్పబోయి ఊరుకున్నాడు. అతను సెలవు అడగనే లేదు.

బస్సు హారన్ కొట్టింది. మెదిహా గైడు పిల్లను పిలిచి, తాను రావడం లేదనీ, రెండు రోజులు కొత్త ఊళ్ళోనే ఉంటాననీ చెప్పింది. గైడు కాగితం మీద సంతకం పెట్టించుకుంది. బస్సు లేపిన దుమ్ము పొదల మీద పడేదాకా ఇద్దరూ అటే చూస్తూ నిలబడ్డారు.

“రేపు వస్తాను,” అంది మెదిహా. “ఆ రాతిపిల్లను చూడాలి. గదిలో పెట్టారట కదా.”

ఆ సాయంత్రం హుస్ను ఇంటికి వెళ్ళేసరికి వార్త ముందే చేరిపోయింది. అతని భార్య సాదెత్ పప్పు చారు గిన్నెలో పోస్తూ, “ఉస్మాన్ బాబాయి కూతురు వచ్చిందటగా. ఇంటికి పిలిచావా?” అంది.

“లేదు.”

“అదేమిటి, పక్కింటి పిల్ల! పాపం ఆ ఇంటికి ఎంత కష్టం వచ్చింది. మనిషి జైలుకెళ్ళి పద్నాలుగు నెలలు ఉండి, ఊపిరితిత్తులు పోగొట్టుకుని వచ్చాడని మా అమ్మ చెప్పేది. రాతి తలకాయ కోసం! ఎవడు చెప్పాడో ఠాణాలో, వాడి నోట మన్ను పడ.”

హుస్ను నిమ్మచెక్క పిండుకుంటున్నాడు. రసం అయిపోయినా ఇంకా పిండుతూనే ఉన్నాడు. “చారు బాగుంది,” అన్నాడు, ఇంకా నోట్లో పెట్టుకోకుండానే.

మర్నాడు మెదిహా తొమ్మిదింటికే వచ్చింది. చేతిలో కాగితం సంచీ. అందులో ఆలివ్‌లు వేసి కాల్చిన రొట్టె, ఇంకా వేడిగా ఉంది. గేటు దగ్గర మళ్ళీ టికెట్టు కొనబోతుంటే హుస్ను చెయ్యి అడ్డం పెట్టి లోపలికి రమ్మన్నాడు.

“నిన్న మాత్రం తీసుకున్నారు,” అందామె నవ్వుతూ.

అతను గుడ్డ చుట్ట విప్పుతుంటే అడక్కుండానే రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరొక చివర నుంచి లాగి, నేల మీద ముడత లేకుండా పరిచారు. చేపలు, ద్రాక్షగుత్తులు, బుట్ట మోస్తున్న పిల్ల, ఒక్కొక్కటే గుడ్డ కిందికి పోయాయి. హుస్ను జల్లెడలో ఇసుక పోసి ఊపాడు. ఆమె మెట్టు మీద కూర్చుని రొట్టె ముక్కలు చేసి అతనికి అందించింది.

“ఇంత చక్కటిదాన్ని చూడకుండా కప్పేస్తారేమిటి?”

“మార్చిలో తీస్తారు. నేను కాదు, వేరేవాళ్ళు.”

“నలభై ఏళ్ళా నువ్వు చేసింది?”

“సైన్యం నుంచి వచ్చినప్పట్నుంచి.”

“అదృష్టవంతుడివి. ఊరంతా వదిలి పోయాం, నువ్వొక్కడివే ఇక్కడున్నావు. మా ఇంటి దానిమ్మకాయలు కూడా నువ్వే తిని ఉంటావు.”

“కొట్టేశారు దాన్ని. మొదటి ఏడాదే.” జల్లెడ ఆగింది. “నేనే కొట్టాను. వేళ్ళు గోడను పగలగొడుతున్నాయన్నారు.”

మెదిహా ఒక ఆలివ్ గింజ వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. తర్వాత, “పని పనే కదా,” అంది.

మధ్యాహ్నం ప్రార్థనకు అధికారి కొత్త ఊరి మసీదుకు వెళ్ళాక, హుస్ను తాళాలగుత్తి తీసుకుని ఆమెను గదికి తీసుకెళ్ళాడు. ఒకప్పటి బడి అది. బల్లలు తీసేసి, గోడల వెంట రాళ్ళు పేర్చారు. కిటికీ పక్కన నడుమెత్తు దిమ్మ మీద, తాడు వెనక ఉంది ఆ తల. పదిహేనేళ్ళ పిల్ల మొహం. జుట్టు వెనక్కి దువ్వి ముడేసి ఉంది. ముక్కు కొన విరిగింది. పెదవి చివర, ఏదో చెప్పబోయి ఆపుకున్నట్టు, చిన్న మడత.

మెదిహా కళ్ళజోడు పెట్టుకుని కింది చీటీ చదివింది. “స్త్రీ శిరస్సు. నాటకశాల సమీపాన తవ్వకాల బృందం కనుగొన్నది.” రెండోసారి చదివింది. “తవ్వకాల బృందం. నేనేనన్నమాట. పొయ్యికి మట్టి కోసం గునపంతో తవ్వాను, పక్కన మేక ఉంది. అదే బృందం.”

“ముట్టుకో కావాలంటే,” అన్నాడు హుస్ను. తాడు కొక్కెం తప్పించి, గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు. వెనక ఆమె చేతిసంచీ కింద పెట్టిన చప్పుడైంది.

“చల్లగానే ఉంది,” అంది చివరికి. “ఎండలో పెట్టినా చల్లగానే ఉండేది. గడ్డివాములో దాచి, పొద్దున్నే తీసి మొహం కడిగేదాన్ని. నా రుమాలు కట్టేదాన్ని. నాకు అప్పుడు పదిహేడేళ్ళు, బొమ్మలాడుకునే వయసేమీ కాదు. కానీ మా ఇంట్లో నా మాట వినేవాళ్ళు ఎవరు? ఇది వినేది. ముక్కు అప్పుడు బాగానే ఉండేది, తెలుసా? ఠాణావాళ్ళు జీపులోకి విసిరినప్పుడు విరిగింది.”

“తెలుసు.”

“నాన్నకు దీని సంగతే తెలీదు. వాళ్ళొచ్చి గడ్డి లాగి పారేస్తుంటే, తల బయటపడ్డాక, ఒక్కసారి నా మొహం చూశాడు. అంతే. ‘నేనే దాచాను, అమ్ముకుందామని’ అన్నాడు. నేను నోరు తెరవలేదు.” ఆమె గొంతు మామూలుగానే ఉంది, ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకుని నున్నబడిన మాటల్లా. “దీన్ని చూసినవాడు ఒక్కడే. రెమ్జీ అన్న. రెండు రోజుల ముందు గడ్డికి వచ్చి చూశాడు. ‘ఇచ్చెయ్ దీన్ని, నాన్నను లోపలేస్తారు’ అని నా మీద అరిచాడు. నేను ఇవ్వనన్నాను. బుధవారానికల్లా జీపు వచ్చింది.”

హుస్ను గుమ్మం అవతల గచ్చు మీద పాకుతున్న చీమలను చూస్తున్నాడు.

“వాడే చెప్పాడు, ఇంకెవరు చెబుతారు? నాన్న జైల్లో ఉండగానే నా పెళ్ళయింది. వెళ్ళేటప్పుడు అన్న చెయ్యి చాపాడు, ముద్దుపెట్టుకుని కళ్ళకద్దుకోవాలి కదా. నేను అద్దుకోలేదు. అప్పట్నుంచి మాటల్లేవు. నలభై నాలుగేళ్ళు, హుస్నూ. వాడి పెళ్ళికి వెళ్ళలేదు. నా పిల్లల పెళ్ళిళ్ళకు పిలవలేదు. పోయాడని ఫిక్రియె వదిన కబురు పంపితే వెళ్ళాను గానీ ఇంటి గడప తొక్కలేదు. తిన్నగా సమాధి దగ్గరికి వెళ్ళాను. అన్నా, నేను క్షమించేశాను, నీ మీద నాకే పేచీ లేదు, హాయిగా పడుకో అన్నాను. ఆ మాట అనగానే గుండె మీద బరువు దిగింది. అందుకే ఇక్కడికి రాగలిగాను, లేకపోతే ఈ ఊరి పేరెత్తేదాన్నా!”

ఆమె రాతిచెంప మీద అరచెయ్యి ఆనించి, తీసేసింది. “పద, మీ అధికారి వచ్చేస్తాడు.”

హుస్ను తాడు కొక్కెం మళ్ళీ తగిలించాడు. మొదటిసారి పడలేదు. రెండోసారీ పడలేదు. మెదిహా అతని చేతిలోంచి కొక్కెం తీసుకుని తానే తగిలించింది.

“నీకూ వణుకు మొదలైందా? నాకు ఎడమచేతిలో ఉంది,” అంది ఆప్యాయంగా.

ఇన్నేళ్ళుగా అతను తన తప్పును ఒక ఆకారంలో అలవాటు చేసుకున్నాడు. అది ఉస్మాన్ బాబాయి ఆకారం. దగ్గుతూ జైలునుంచి వచ్చి, కాఫీకొట్టు అరుగు మీద ఎండలో కూర్చున్న మనిషి. ఆయనకు హుస్ను తెలిసినంతలో చేశాడు. కట్టెలు కొట్టి ఇచ్చాడు, పోయినప్పుడు గొయ్యి తవ్వాడు, ప్రతి పండక్కీ సమాధి మీద కలుపు పీకాడు. కానీ ఆ బుధవారం ఇంకొక మనిషిని కూడా పూడ్చిపెట్టిందని అతనికి ఇవాళ్టిదాకా తెలియదు. ఆ మనిషి నాజిల్లి పట్నంలో, గంట దూరంలో, రెండు నెలల క్రితం వరకూ బతికే ఉన్నాడు.

మిగతా ఇసుకంతా ఆ సాయంత్రం ఒక్కడే జల్లాడు. పార వెనకవైపుతో నాలుగు వేళ్ళ మందం చదును చేశాడు. చదునుగానే ఉన్నదాన్ని మళ్ళీ చెరిపి మళ్ళీ చదును చేశాడు.

శనివారం పదింటికి నాజిల్లి మీదుగా వెళ్ళే మినీబస్సు ఉంది. అక్కడ దిగి మెదిహా ఇజ్మీర్ రైలు ఎక్కాలి. తొమ్మిదిన్నరకు ఆమె రోడ్డు పక్క సిమెంటు బల్ల మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. హుస్ను యూనిఫారంలోనే వచ్చాడు. గేటు తాళం టికెట్ల గదిలో ఇచ్చేసి, ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చాడు.

“సాగనంపడానికి వచ్చావా? మీ సాదెత్ ఏది, చూద్దామనుకున్నాను.”

అతను కూర్చోలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“రెమ్జీ అన్న చెప్పలేదు,” అన్నాడు.

“ఏమిటి?”

“ఠాణాలో. చెప్పింది రెమ్జీ అన్న కాదు. నేను.”

మెదిహా అతని వైపు చూస్తూనే ఉంది, ఇంకా మాట పూర్తవలేదేమో అన్నట్టు. ఆలివ్ గోనెల ట్రాక్టరు ఒకటి వాళ్ళ ముందునుంచి వెళ్ళింది. డ్రైవరు హుస్నుకు సలాం కొట్టాడు. హుస్ను చెయ్యెత్తాడు.

“ఎలా చూశావు?” అంది.

“డాబా మీదనుంచి. మిరపకాయలు తిరగేస్తున్నాను. నువ్వు దానికి మొహం కడుగుతున్నావు.”

“ఎన్నాళ్ళు చూశావు?”

“నాలుగైదు రోజులు.” అతను టోపీ అంచు తిప్పుతున్నాడు. “ఎవరింట్లోనైనా పాతకాలపు చెక్కుడు రాళ్ళుంటే చెప్పినవాడికి కాపలా పని ఇస్తామన్నారు. మా నాన్న కాలు నీకు తెలుసు. రాయి తీసుకుపోతారు, అంతే అనుకున్నాను, మనిషిని తీసుకుపోతారని...”

“అది నాకు చెప్పకు.”

అతను ఆగిపోయాడు.

“ఇంకెవరికైనా తెలుసా? సాదెత్‌కు?”

“ఎవరికీ తెలీదు.”

ఆమె సంచీ జిప్పు తీసింది, మూసింది. ఏదో వెతకబోయి మర్చిపోయినట్టు మళ్ళీ తీసింది. హుస్ను తిట్టుకోసం ఎదురుచూస్తున్నాడు. కొడితే బావుండునని కూడా అనుకున్నాడు. రోడ్డు మలుపులో తెల్ల మినీబస్సు కనిపించింది.

“నేను సమాధి దగ్గర ఏమన్నానో విన్నావు కదా నిన్న,” అంది మెదిహా. “క్షమించేశానన్నాను. వాణ్ణి. నేను!” నవ్వు లాంటి చప్పుడు ఒకటి ఆమె ముక్కులోంచి వచ్చింది. “ఎక్కు.”

“ఎక్కడికి?”

“ఫిక్రియె వదిన ఇంటికి. నాకు చెప్పింది అక్కడ చెప్పు. ఎక్కు హుస్నూ, డ్రైవరు చూస్తున్నాడు.”

దారిపొడుగునా ఆమె కిటికీ పక్కన, అతను రెండు సీట్ల వెనక కూర్చున్నారు. కొండ దిగి, అంజూరపు తోటలు దాటి, పత్తి చేలు వచ్చాయి. ఆమె ఒకే ఒక్కసారి వెనక్కి తిరిగింది. “అన్న ఇల్లు నాకు తెలీదు,” అంది. “నీకు తెలుసా?”

హుస్నుకు తెలుసు. పదేళ్ళ క్రితం ఆసుపత్రి పని మీద నాజిల్లి వచ్చినప్పుడు రెమ్జీ బజార్లో ఎదురుపడి, టీకి ఇంటికి తీసుకెళ్ళాడు. రెండు చెంచాల పంచదార తానే వేసి, కలిపి, చేతికిచ్చాడు. పాత ఊళ్ళో ఏ గోడ నిలిచి ఉంది, ఏది పడిపోయిందని అడుగుతూ కూర్చున్నాడు. వచ్చేటప్పుడు భుజం మీద చెయ్యి వేసి, “బాగా చూసుకో మన ఊరిని,” అన్నాడు. అంతే.

నూలుమిల్లు వెనక సందులో మూడంతస్తుల ఇల్లు, రెండో అంతస్తు. తలుపు తీసిన ఫిక్రియె సన్నగా, పొడుగ్గా ఉంది. ముంగిట మెదిహాను చూసి తెల్లబోలేదు. కొంగులాంటి తెల్లటి ముసుగు సర్దుకుని పక్కకు తప్పుకుంది.

“రండి. చెప్పులు అక్కడ విడవండి.”

అన్న భార్య నోట, పరాయివాళ్ళను పిలిచినట్టున్న ఆ ‘రండి’ విని మెదిహా తల వంచుకుంది. ముందుగది చిన్నది. స్టవ్ మీద కమలాపండు తొక్కలు ఎండుతున్నాయి. గోడకు రెమ్జీ ఫొటో. మిల్లు యూనిఫారం, తండ్రి నుదురు. మెదిహా దాని ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోకుండా, పక్కకు కూర్చుంది.

“ఇతను చెబుతాడు, వినండి,” అంది.

హుస్ను నిలబడే చెప్పాడు. ఈసారి ఉద్యోగం మాట, తండ్రి కాలు మాట ఎత్తలేదు. డాబా, మిరపకాయలు, బుధవారం, ఠాణా. నాలుగు వాక్యాల్లో అయిపోయింది. చెప్పాక తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫిక్రియె తివాచీ మీద పడిన ఒక నూలుపోగు ఏరి వేలికి చుట్టుకుంది.

“ఇప్పుడు తెలిసిందా మీకు?” అని మెదిహాను అడిగింది.

“ఇవాళే. గంట క్రితం.”

“ఆయనకు ఎప్పుడో తెలుసు.”

హుస్ను తలెత్తాడు.

“ఆ బుధవారం సంత నుంచి వస్తూ, ఈయన ఠాణా మెట్లు దిగడం చూశారట. అప్పుడేమీ తోచలేదట. సాయంత్రం జీపు వచ్చాక అర్థమైంది.” ఫిక్రియె గొంతులో కోపం లేదు. చాలాకాలం ఒకరి మంచం పక్కన కూర్చున్నవాళ్ళ అలసట ఉంది. “పెళ్ళైన కొత్తలోనే నాకు చెప్పారు. నేను ఊరుకున్నానా? ఉత్తరం రాయండి, మీ చెల్లెలికి చెప్పండి అని ఎన్నిసార్లు పోరానో. ‘అడిగితే చెబుతాను’ అనేవారు. ‘ఒక్కసారి అడగనీ, అన్నా నువ్వేనా అని. తిట్టనీ, కొట్టనీ, కానీ అడగనీ’ అనేవారు. ప్రతి పండక్కీ ఫోను దగ్గర కూర్చునేవారు. మీరు అడగలేదు.”

మెదిహా మొదటిసారి ఫొటో వైపు తిరిగింది.

“ఈయన పేరు చెప్పి ఉండొచ్చు కదా ఊళ్ళో,” అంది ఫిక్రియె, హుస్నును గడ్డంతో చూపిస్తూ. “నేనే అన్నాను, ఉద్యోగం ఊడగొట్టించండి అని. ‘వాడి పిల్లలు తింటున్నారు, వదిలెయ్’ అన్నారు. పదేళ్ళ కిందట ఇంటికి తీసుకొచ్చి టీ ఇచ్చారు.” ఆమె హుస్ను వైపు తిరిగింది. “మీరు కూర్చున్నారు ఈ కుర్చీలోనే. మీరు వెళ్ళాక ఆయన చాలాసేపు ఆ గ్లాసు తియ్యనివ్వలేదు. ‘చెబుతాడేమో అనుకున్నాను’ అన్నారు.”

పంచదార కలుపుతున్న చెంచా చప్పుడు హుస్ను చెవుల్లో మోగింది. గోడలు పడిపోయాయా, నిలిచి ఉన్నాయా అని ఒక్కొక్క ఇంటి పేరూ అడిగాడు రెమ్జీ ఆరోజు; తమ ఇంటి పేరు మాత్రం అడగలేదు. అక్కడికి వచ్చేసరికి మాట ఆపి, హుస్ను మొహంలోకి చూసి, ఎదురుచూశాడు. హుస్ను టీ తాగి, బస్సుకు వేళైందని లేచాడు.

“నాకు ఎవరో ఒకరు కావలసి వచ్చింది,” అంది మెదిహా. ఎవరికి చెబుతోందో తెలియనట్టుగా. “ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. లేకపోతే నేనే కదా. ఆ రాయి దాచింది నేను, నాన్న నెత్తిన వేసుకుంటే నోరు మూసుకున్నదీ నేను. అన్న దగ్గరగా ఉన్నాడు. చేతికందాడు.” ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకూ వెనక్కూ కదులుతోంది. “అడగాలని తోచలేదు నాకు. తెలిసినదాన్ని ఎవరైనా అడుగుతారా? తెలుసనే అనుకున్నాను.”

కింద సందులో కూరగాయల బండివాడు బంగాళదుంపలని అరుచుకుంటూ పోయాడు.

కాసేపటికి హుస్ను, “రెమ్జీ అన్న సమాధి దగ్గరికి...” అని మొదలుపెట్టాడు.

“వద్దు,” అంది మెదిహా. ఇటు తిరగకుండానే చెప్పింది. “నువ్వు వెళ్ళు హుస్నూ. నీతో నా పని అయిపోయింది.”

తిట్టు కాదు, క్షమించిన మాట అంతకన్నా కాదు. అతను టోపీ తీసుకున్నాడు. ఫిక్రియె అతనితో పాటు గుమ్మం దాకా వచ్చింది. మెదిహా విడిచిన చెప్పులు వంగి తీసి, తుడిచి, లోపలి అలమరలో పెట్టింది. అతని బూట్లు బయటే ఉన్నాయి.

తలుపు పూర్తిగా మూసుకోలేదు. హుస్ను మెట్టు మీద కూర్చుని బూటుతాడు బిగిస్తున్నాడు. లోపలినుంచి మెదిహా గొంతు వినిపించింది, చిన్నపిల్ల గొంతులా.

“వదినా, అన్నకు ఏం తినాలనిపించేది, ఆఖర్న?”

“పుల్లటి పెరుగు చారు. పుదీనా ఎక్కువేసి.”

“అమ్మ చేసినట్టా?”

“అమ్మ చేసినట్టే చెయ్యమనేవారు. నాకెప్పుడూ కుదరలేదు.”

“రాత్రిళ్ళు నిద్ర పట్టేదా?”

“పట్టేది కాదు.”

“జుట్టు మొత్తం పోయిందా? నాన్నకులాగా?”

“లేదు. ఉంది. నేనే దువ్వేదాన్ని.”

“నొప్పికి అరిచాడా?”

అలా అడుగుతూనే ఉంది. ఫిక్రియె ఒక్కొక్కదానికీ ఓపిగ్గా చెబుతూనే ఉంది. తాను వినదగిన మాటలు కావని హుస్నుకు తెలుసు. రెండో బూటు తాడు ముడి వేసి, గోడ పట్టుకుని లేచి, మెట్ల మీద చప్పుడు కాకుండా దిగాడు.